మెట్ట పొలాల గోడు – శాసనసభలో సుందరయ్య

ఎమ్మెల్యేను వెంటబెట్టుకుని నలుగురు పెద్దమనుషులు వెళ్ళి మంత్రి చేతిలో అర్జీ పెట్టి వస్తే ఊరి పని అయిపోయినట్టేనన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా పోలేదు. ఒకప్పుడు హైదరాబాదు బస్సెక్కేవారు, ఇప్పుడు వెలగపూడి వెళ్తున్నారు, అంతే తేడా. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో సాగర్ కాలువ చివరి పొలాలకు నీళ్ళందకపోయినా, కూలీల ఇళ్ళ స్థలాలకు పట్టాలు రాకపోయినా జరిగే తంతు ఇదే. అర్జీ ఇవ్వడం తప్పని మేము అనడం లేదు. దానికొక తీరు ఉంది. ఆ తీరేమిటో చట్టసభల్లో నిలబడి చూపించిన మనిషి పుచ్చలపల్లి సుందరయ్య గారు. ఆయన మన తాలూకాలకు ఎమ్మెల్యే కాదు, గన్నవరం ఆయన్ను గెలిపించింది. అయినా ఆయన పట్టుకున్న సమస్యల్లో మన మెట్ట రైతూ కూలీ అడుగడుగునా కనబడతారు.

సుందరయ్య గారు 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. కలిగిన కుటుంబం. అసలు పేరు సుందరరామిరెడ్డి. ఆ తోక ఆయనే తీసేసుకున్నారు. 1930లో మద్రాసులో కాలేజీ చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలో దూకి, చిన్న వయసులోనే జైలు చూశారు. బయటికొచ్చాక చేసిన పని మనకు ముఖ్యం. సొంత ఊళ్ళో, సొంత బంధువుల పొలాల్లో పనిచేసే కూలీలను కూడగట్టి సంఘం పెట్టారు. హరిజనవాడ వాళ్ళకు రాత్రిబడి నడిపారు, మంచినీళ్ళ కోసం పోట్లాడారు. పరాయి ఊరి భూస్వామిని తిట్టడం తేలికే. ఇంట్లో వాళ్ళతో తగవు పెట్టుకోవడం ఎంత కష్టమో పల్లెలో పుట్టిన వాళ్ళకు మేము చెప్పనక్కర లేదు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాన్ని నిలబెట్టిన వారిలో ఆయన ఒకరు.

ముప్పైల చివర మన పక్కనే మునగాల పరగణా రగిలింది. చుట్టూ నైజాం రాజ్యం ఉన్నా, మునగాల అప్పట్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకా కింద ఉండేది. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. అక్కడి జమీందారు గ్రంథాలయోద్యమానికి చేయూతనిచ్చిన వారిగా పేరుపొందారు. అదే జమీలో రైతులు వెట్టి చేశారు. పుస్తకాలకు దానం ఒక చేత్తో, వెట్టి రెండో చేత్తో! ఆ రైతుల పోరాటానికి అండగా నిలిచింది కృష్ణా జిల్లా కార్యకర్తలే. తర్వాత 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సుందరయ్య గారు ముఖ్య నాయకుల్లో ఒకరు. సరిహద్దు తాలూకాలు గనుక నందిగామ, జగ్గయ్యపేట ఊళ్ళకు ఆ సెగ తగిలింది. కృష్ణా జిల్లాలో పోలీసులు ఎట్లా విరుచుకుపడ్డారో 1949లో కాటూరు, యలమర్రు గ్రామాలు చూశాయి.

అజ్ఞాతవాసం నుంచి బయటికొచ్చిన సుందరయ్య గారు 1952లో రాజ్యసభకు వెళ్ళి, కమ్యూనిస్టు గ్రూపుకు నాయకుడయ్యారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. ఆ సైకిలు కథ అందరూ చెబుతారు, ఆయన చదివిన కాగితాల కట్టల సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. 1955 మధ్యంతర ఎన్నికల్లో ఆంధ్రలో కమ్యూనిస్టులకు నూటికి ముప్పైకి పైగా ఓట్లు వచ్చినా, దక్కినవి 15 సీట్లే. గన్నవరంలో గెలిచి ఆ పిడికెడు మందికీ ముందు నిలబడింది సుందరయ్య గారు. 1962లో బలం బాగా పెరిగింది, గన్నవరం మళ్ళీ ఆయన్నే పంపింది.

ఆ 1962లోనే భూమిశిస్తు అదనపు పన్ను చట్టం వచ్చింది. సంజీవరెడ్డి గారి ప్రభుత్వం మెట్టా మాగాణీ రెండింటి మీదా శిస్తు పెంచింది. ఎకరానికి కనీసం ఇంత అని గీత గీసింది. మాగాణికైతే ఆ చెరువో కాలువో కింద ఎంత ఆయకట్టు ఉందన్నదే లెక్క, నేల సారం ఎంత, ఎన్ని బస్తాలు పండుతుంది అన్నది కాదు. మెట్ట రైతుకు ఇదెంత అన్యాయమో ఆలోచించండి. వాన పడితే జొన్న, పడకపోతే అప్పు. అట్లాంటి రాళ్ళ నేలకు, బాగా పండే నల్లరేగడికి ఒకటే కనీస శిస్తు! కమ్యూనిస్టులు సభలోనూ వ్యతిరేకించారు, బయటా ఆందోళన లేపారు. సభలో ఓట్లు చాలక చట్టం పాసయింది. కానీ రైతులు కోర్టుకెక్కారు. హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. 1967లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. సారంతో నిమిత్తం లేకుండా అన్ని భూముల మీదా ఒకే విధంగా పన్ను వేయడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని తేల్చింది. సభలో ఓడిన వాదన చివరికి కోర్టులో నిలిచింది.

భూపరిమితి సంగతి అంతకన్నా చేదు. 1961 చట్టంలో పెట్టిన పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. మన మెట్టలో 324 ఎకరాలు దాటిన వాణ్ణి దుర్భిణీ వేసి వెతకాలి. 1973లో ఇంకో చట్టం చేసి మెట్టకు 35 నుంచి 54 ఎకరాలన్నారు. ఈలోగా దొంగ పంపకాలు, బినామీ పట్టాలు ఊరూరా జరిగిపోయాయి. కాగితం మీద భూస్వామి మాయమై, పొలంలో మాత్రం అట్లాగే ఉన్నాడు. మిగులు భూమి కోసం కాచుకున్న కూలీకి దక్కింది బహు స్వల్పం.

నీళ్ళ విషయానికొద్దాం. కృష్ణా నీళ్ళను పెన్నాకు మళ్ళించి మద్రాసు వైపు తీసుకుపోవాలన్న పథకం ఉన్న రోజుల్లో నందికొండ కోసం గట్టిగా పట్టుబట్టిన వారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు ఉన్నారు. జమీందారైనా సరే, చేసిన మేలు చెప్పుకోవాలి. కమ్యూనిస్టులూ నందికొండ కావాలని జనాన్ని కదిలించారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండకు మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం దాటి మన దగ్గరికొచ్చేసరికి నీరు సన్నబడుతుంది. పైన తూములు తిప్పుకునే వాళ్ళకు లేని కష్టం చివరన ఉన్న వాళ్ళది. నీళ్ళొచ్చిన చోట భూమి ధర పెరిగింది, కౌలు పెరిగింది. కూలి మాత్రం దానంతటది పెరగలేదు, సంఘం పెట్టి అడిగిన చోటనే పెరిగింది.

1964లో పార్టీ చీలినప్పుడు సుందరయ్య గారు మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివర అరెస్టయి 1966 దాకా నిర్బంధంలోనే ఉన్నారు. పార్టీ నడకతో విభేదాలొచ్చి 1976లో ఆ పదవి వదులుకున్నారు. అంతకు ముందు 1974లో గుంటూరు జిల్లా కాజ, అనంతవరం గ్రామాల్లో సర్వే చేయించారు. ఎవరికెంత భూమి, ఎవరు కౌలు, ఎవరు కూలి అని ఇంటింటి లెక్క. మా ఉద్దేశంలో ఆయన పనుల్లో అందరూ మరిచిపోయిన గొప్ప పని ఇదే. మంత్రి ముందు అర్జీ పెట్టేవాడి చేతిలో ఇట్లాంటి లెక్క ఉంటే, చూద్దాం చేద్దాం అని సాగనంపడం అంత తేలిక కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆ వయసులో బురదలో దిగి సహాయం నడిపారు. మరుసటి ఏడు అరవై అయిదో ఏట గన్నవరం మళ్ళీ గెలిపించింది, 1983 దాకా సభలో ఉన్నారు.

లీల గారితో ఆయన పెళ్ళి 1943లో జరిగింది. ఉద్యమానికి అడ్డు రాకూడదని పిల్లలు వద్దనుకున్నారు. వాటాకొచ్చిన ఆస్తి పార్టీకే పోయింది. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నందిగామ, జగ్గయ్యపేట ఎన్‌టీఆర్ జిల్లాలోకొచ్చాయి, గన్నవరం కృష్ణాలోనే ఉంది. కాలువ మాత్రం అదే కాలువ. ఈ ఏడు రబీకి ముందే చివరి ఊళ్ళ కార్యకర్తలు కాజ, అనంతవరం పద్ధతిలో ఇంటింటి లెక్క మొదలుపెట్టాలని, ఎకరాలతో పాటు కూలి దినాలు కూడా రాసుకోవాలని మేము కోరుతున్నాము.