శ్రీ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

మన సంఘ వార్షిక మహాసభ సంచికకై ఒక మహాపురుషుని చరిత్రము వ్రాయ బూనితిమి. పల్నాడు వీరులకు పుట్టినిల్లు. కారెంపూడి రణభూమిని గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. మేము ఈ మారు కత్తి పట్టని వీరుని, గణితమును కొలతబద్దయు ఆయుధములుగా గొన్న విశ్వేశ్వరయ్యగారిని స్మరింప నెంచితిమి.

వీరి యింటిపేరు గల మోక్షగుండము మనకు దూరము గాదు. మార్కాపురపు సీమలో బేస్తవారిపేట చెంత నున్నది. పూర్వు లచ్చటినుండి మైసూరు రాజ్యమునకు వలసపోగా, కోలారు సీమయందలి ముద్దెనహళ్లిలో, 1860 ప్రాంతమున, ములుకినాటి తెలుగు బ్రాహ్మణ కుటుంబమున వీరు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత విద్వాంసులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. పాండిత్యము గలిగినంత ధనము ఆ యింట లేదు. బాల్యముననే పితృవియోగము సంభవింపగా, బెంగుళూరిలో మేనమామ నాశ్రయించి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు చదివి, 1881లో బి.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. పిదప మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనాలో ఇంజనీరింగు నభ్యసించి, 1883లో ప్రథములుగా నుత్తీర్ణులైరి. పరుల సాయమున గడించిన విద్య పరులకు దీర్పవలసిన ఋణము. వీరి జీవితమంతయు ఆ ఋణము దీర్చుటయే యని మా తలంపు.

1884లో బొంబాయి రాజ్యపు మరామతు శాఖయందు ప్రవేశించిరి. అచ్చటి కాలువల క్రింద, నీరందిన రైతు చెరకునకు మితిమీరి పెట్టుటచే నేల చెడిపోవుచుండగా, తక్కిన గ్రామములు నీటికై యలమటించుచుండెను. వీరు 1899 ప్రాంతమున ఆయకట్టును ఖండములుగా విభజించి, వంతులవారీగా పైరులు మార్చుచు నీరు పంచు పద్ధతిని నీరా కాలువక్రింద ప్రవేశపెట్టిరి. తొలుత శంకించిన రైతులకు తామే నచ్చజెప్పిరి. సాగరు కుడికాలువ చివరి భూముల రైతునకు ఈ పద్ధతి విలువ మేము చెప్ప నక్కరలేదు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయమునకు, వరద వచ్చినపుడు తమంత తామే తెరచుకొను తలుపుల నమర్చిరి. 1908లో మూసీనది హైదరాబాదును ముంచగా, వీరి సలహా ననుసరించియే పిదప ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము నిర్మింపబడెను.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరై, కన్నంబాడి యొద్ద కావేరికి ఆనకట్ట నెత్తించు పనికి పూనిరి. 1912లో దివానులైరి. జలాశయము పొలమును తడుపును గాని, చేతిపని యెరుగని జనమును దారిద్ర్యమునుండి తప్పింపజాల దని వీరు గ్రహించిరి. హెబ్బాళలో వ్యవసాయ పాఠశాలయు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును, 1917లో బెంగుళూరి ఇంజనీరింగు కళాశాలయు వీరి దివానుగిరియందే వెలసినవి.

ఇచ్చట నొక విషయమును దాచుట సత్యమునకు ద్రోహము. బ్రాహ్మణేతరులకు ఉద్యోగములలో భాగము కల్పింపవలెనని మహారాజుగారు తలపెట్టగా, యోగ్యత యొక్కటే ప్రమాణమని వీరు విభేదించి, 1918లో పదవి విడువ నిశ్చయించిరి. చదువు కొద్ది కులములయందే నిలిచియున్న రాజ్యమున, యోగ్యతను సంపాదించు అవకాశమే అందరకు సమానముగా లేదని ప్రతిపక్షులు చెప్పినది న్యాయమే యని మేము తలంతుము. పూజ్యులయెడల భక్తి, వారి ప్రతి నిర్ణయమునకు తలయూపుట గాదు.

వీరి తరువాతి జీవితము ఆ లోపమునకు కొంత సమాధాన మైనది. భద్రావతి ఇనుప కర్మాగారమును నడపినందులకు తమకు రావలసిన ప్రతిఫలమును స్వీకరింపక, చేతివృత్తులు నేర్పు విద్యాలయమునకు వినియోగింపుడని కోరిరి. అది 1943లో బెంగుళూరిలో, వీరి పేర గాక, జయచామరాజేంద్ర మహారాజుగారి పేర వెలసెను. తొంబదవ యేటికి చేరువలో, కోలారు, బెంగుళూరు జిల్లాలకు గ్రామ పారిశ్రామిక ప్రణాళిక నొకటి రచించిరి. కొన్ని గ్రామములను సమూహముగా గూర్చి, వారి పెద్దలతో సంఘ మేర్పరచి, ప్రతి కుటుంబమునకు సేద్యముతోబాటు మరియొక వృత్తి కల్పించుటయే దాని సారము. అందు కులప్రసక్తి లేదు. 1955లో భారతరత్న మంది, 1962 ఏప్రిల్ 14న కీర్తిశేషులైరి. వీరి జన్మదినమగు సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినముగా జరుపబడుచున్నది.

సోదరులారా! కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 2016లో మన నరసరావుపేటకు వచ్చినది. కళాశాలలు పల్లెలను దత్తు గొనవలెనని 2014లో ఉన్నత భారత్ అభియాన్ ప్రారంభమైనది. అయినను బోరు మోటారు కాలినపుడు రైతు దానిని బండిపై వేసికొని పట్టణమునకు పరుగిడగా, ఈలోపల మిరపతోట వాడుచునే యున్నది. పోషకులగు మహాశయులు సన్మానపు శాలువల వ్యయము కొంత తగ్గించి, వేసవి సెలవులలో ఇంజనీరింగు విద్యార్థులు గురజాల, మాచర్ల ప్రాంతపు పల్లెలలో నొక మాసము నివసించి, మోటారు మరమ్మతు, వైరింగు, డ్రిప్పు గొట్టముల అమరిక నేర్పుటకు తోడ్పడుదురు గాక! నేర్చుకొన వచ్చిన వానిని కుల మడుగరాదు. ఈ పని జరిగిననాడే విశ్వేశ్వరయ్యగారు మనవారని చెప్పుకొనుటకు మన మర్హుల మగుదుము.