బల్బు అందరికీ తెలుసు... మట్టి కింద తీగ సంగతి?

ఎడిసన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? బల్బు. స్కూల్ క్విజ్ నుంచి పోటీ పరీక్షల జీకే దాకా అదే జవాబు. మరి ఆ బల్బు వీధిలో వెలగాలంటే కరెంటు ఏ దారిన రావాలి? ఎడిసన్‌ను బల్బు తర్వాత ముప్పుతిప్పలు పెట్టింది ఆ దారే. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆయన జీవితంలో బల్బు కన్నా ఈ అధ్యాయమే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

డిగ్రీ లేదు... నేర్చుకోవడం ఆపలేదు

థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివారు. బడికి వెళ్లింది చాలా తక్కువ. పాఠాలు చెప్పింది అమ్మ నాన్సీనే. టీనేజీలో రైళ్లలో పేపర్లు, మిఠాయిలు అమ్మారు. టెలిగ్రాఫ్ నేర్చుకుని ఊరూరా తిరుగుతూ ఆపరేటర్‌గా పనిచేశారు. వినికిడి లోపం ఉన్నా పని ఆపలేదు.

1876లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మెన్లో పార్క్ అనే చిన్న ఊళ్లో ల్యాబ్ పెట్టారు. 1877లో ఫోనోగ్రాఫ్ వచ్చింది. 1879లో గంటల తరబడి వెలిగే బల్బు తయారైంది. నిజానికి బల్బు మీద అంతకుముందే చాలామంది పనిచేశారు. ఎడిసన్ ప్రత్యేకత ఏంటంటే, ఒక్క దీపాన్ని కాకుండా జనరేటర్, తీగలు, ఫ్యూజు, మీటరు... మొత్తం సిస్టమ్‌ను ఊహించడం.

తీగ పైనా? కిందా?

అప్పట్లో న్యూయార్క్ వీధుల్లో తలెత్తితే తీగలే. టెలిగ్రాఫ్, టెలిఫోన్, ఆర్క్ దీపాల లైన్లు స్తంభాల మీద చిక్కుపడి వేలాడేవి. గాలికి తెగేవి, మంచు బరువుకు కూలేవి. ఎడిసన్ మాత్రం గ్యాస్ కంపెనీలను చూశారు. వాళ్ల పైపులు నేల కింద ఉన్నాయి కదా, కరెంటూ అలాగే వెళ్లాలని నిర్ణయించుకున్నారు.

చెప్పినంత తేలిక కాదది. గ్యాస్ పైపు కారితే వాసన వస్తుంది. కరెంటు కారితే? కంటికి కనిపించదు. తడి నేల దాన్ని చల్లగా తాగేస్తుంది. ఎవరైనా కాలు పెట్టినప్పుడే తెలుస్తుంది.

1880లో మెన్లో పార్క్ వీధుల్లోనే ట్రయల్ మొదలుపెట్టారు. మొదట వాడిన ఇన్సులేషన్ పనికిరాలేదు. కరెంటు నేలలోకి పోతోందని పరీక్షల్లో బయటపడింది. అప్పుడు ఎడిసన్ ఆ పనిని విల్సన్ హోవెల్ అనే కుర్రాడికి అప్పగించారు. ముందు లైబ్రరీకి వెళ్లి ఇన్సులేషన్ మీద దొరికిందల్లా చదువు అన్నారు. ఫ్రెంచి, జర్మన్ పుస్తకాలు అర్థం కాకపోతే అనువదించి చెప్పడానికి ఒక డాక్టరేట్ శాస్త్రవేత్తను తోడిచ్చారు.

రెండు వారాల తర్వాత హోవెల్ ఒక లిస్టుతో బయటికొచ్చాడు. ల్యాబ్ నిండా చిన్న చిన్న పాత్రల్లో రకరకాల మిశ్రమాలు మరిగించాడు. ఆ పొగకి, కంపుకి అక్కడి శాస్త్రవేత్తే బయటికి పరుగెత్తాల్సి వచ్చిందట. ఆ మిశ్రమాల్లో గుడ్డ పీలికలు ముంచి వంద అడుగుల తీగకి చుట్టేవాడు. ఆ చుట్టను ఉప్పునీళ్ల పీపాలో పడేసి లీకేజీ ఉందో లేదో కొలుస్తూ ఉండేవాడు. నేల కంటే ఉప్పునీరు కఠినమైన పరీక్ష. అక్కడ నెగ్గింది మట్టిలోనూ నిలుస్తుంది. చాలా ఫెయిల్యూర్ల తర్వాత ట్రినిడాడ్ తారు, అవిసె నూనె, పారాఫిన్, కాస్త తేనెమైనం కలిపిన మిశ్రమం నిలబడింది. 1880 డిసెంబరులో న్యూయార్క్ నగర ప్రతినిధులు వచ్చి చూసేసరికి మెన్లో పార్క్ వీధి దీపాలు మట్టి కింది తీగలతో వెలుగుతున్నాయి.

మన్‌హాటన్ మట్టిలో

అసలు పరీక్ష న్యూయార్క్‌లో. పెర్ల్ స్ట్రీట్‌లో పవర్ స్టేషన్ కట్టి, చుట్టుపక్కల వీధుల్లో దాదాపు 80 వేల అడుగుల లైను పూడ్చారు. అంటే సుమారు 24 కిలోమీటర్లు. 20 అడుగుల ఇనుప పైపు, అందులో రెండు రాగి కడ్డీలు, మధ్యలో ఇన్సులేషన్ మిశ్రమం. లెక్కేయండి, 20 అడుగులకో జాయింటంటే దాదాపు 4 వేల జాయింట్లు! ఒక్కటి వదులైనా అక్కడే నీరు చేరుతుంది.

ఇక్కడో ముచ్చట ఉంది. పని సరిగా జరుగుతోందో లేదో చూడటానికి నగరపాలక సంస్థ ఐదుగురు ఇన్‌స్పెక్టర్లను వేసింది. రోజుకి ఒక్కొక్కరికి 5 డాలర్లు. వాళ్ల పెత్తనంతో పనులు ఆగిపోతాయేమోనని ఎడిసన్ భయపడ్డారు. తీరా చూస్తే వాళ్లు కనిపించింది శనివారం జీతాలప్పుడే! ఇది ఆయనే తర్వాత చెప్పుకున్న సంగతి. అంటే ఆ 4 వేల జాయింట్లకీ అసలు కాపలా పని చేసినవాళ్ల శ్రద్ధే.

1882 సెప్టెంబరు 4న సుమారు 400 దీపాలు వెలిగాయి. అయినా కథ సుఖాంతం కాలేదు. ఒకరోజు పోలీసు ఒకాయన పరుగున వచ్చాడు. రెండు వీధులు కలిసే చోట అడుగుపెట్టిన గుర్రం పెట్టినట్టే ఎగిరిపడుతోంది. కారణం తడి నేలలోకి లీకవుతున్న లైను. వెంటనే కరెంటు ఆపి బాగుచేశారు. ఎంత జాగ్రత్తగా వేసినా మట్టి కింది లైనును వేసి మర్చిపోకూడదన్న పాఠం అలా అందింది.

తప్పూ చేశారు

ఎడిసన్‌ను దేవుణ్ని చేయక్కర్లేదు. ఆయన డీసీ కరెంటు మైలు దాటి పోవడమే కష్టం. ఏసీ మెరుగని తేలుతున్నా ఒప్పుకోలేదు. అది ప్రాణాంతకమని చూపించడానికి ఆయన ల్యాబ్‌లోనే జంతువులను చంపిన ప్రయోగాలు జరిగాయి. చివరికి మార్కెట్ ఏసీ వైపే వెళ్లింది. 1892లో కంపెనీలు కలిసి జనరల్ ఎలక్ట్రిక్‌గా మారితే అందులో ఆయన పేరే మిగల్లేదు. కానీ నగరాల్లో తీగలు నేల కింద ఉండాలన్న మాట మాత్రం నెగ్గింది. 1889లో న్యూయార్క్‌లో ఒక లైన్‌మన్ స్తంభం మీదే, జనం చూస్తుండగా చనిపోయాక నగరమే ఓవర్‌హెడ్ తీగలను కోసేయించింది. 1,093 అమెరికన్ పేటెంట్లు మిగిల్చి 1931 అక్టోబరు 18న ఎడిసన్ కన్నుమూశారు.

మీకేంటి ఇందులో?

మీరు ఎలక్ట్రికల్ చదివితే రేపు సైట్‌లో పార్కు లైట్లో, వీధి దీపాలో మీ చేతికే రావచ్చు. సరుకు మారింది, సూత్రం మారలేదు. తారు గుడ్డల చోట ఎక్స్ఎల్‌పీఈ ఆర్మర్డ్ కేబుల్, ఉప్పునీళ్ల పీపా చోట మెగ్గర్ వచ్చాయి. ఇంటర్వ్యూకి ఇవి గుర్తుంచుకోండి:

• ఐఎస్ 1255 ప్రకారం లో వోల్టేజీ కేబుల్ కనీసం 75 సెంటీమీటర్ల లోతున ఉండాలి. రోడ్డు దాటేచోట మీటరు.
• కేబుల్ కిందా పైనా ఇసుక, దాని మీద ఇటుకలు లేదా పలకలు. పైన హెచ్చరిక టేపు వేస్తే రేపు తవ్వేవాళ్లకు తెలుస్తుంది.
• పూడ్చకముందే మెగ్గర్ టెస్ట్. పూడ్చాక మరోసారి.
• ప్రతి స్తంభానికీ ఎర్తింగ్, లైనుకి ఆర్‌సీసీబీ. రెండూ ఉండాల్సిందే.

మీది కంప్యూటర్స్ అయినా, సివిల్ అయినా విషయం ఒకటే. మీ పనిలోనూ ఒక ట్రెంచ్ ఉంటుంది. పూడ్చేశాక ఎవరూ తవ్వి చూడరు, ఇన్‌స్పెక్టరు శనివారం దాకా రాడు. కానీ వానాకాలం సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లాడు ఆ స్తంభాన్ని పట్టుకుంటాడు. ట్రెంచ్ పూడ్చమని చెప్పేముందు వాడిని ఒక్కసారి తలుచుకోండి.