ఏనుగుల వీరాస్వామయ్య

ఏనుగుల వీరాస్వామయ్య (సుమారు 1780 - 1836) తెలుగులో తొలి యాత్రాచరిత్రగా పేరొందిన కాశీయాత్ర చరిత్ర గ్రంథకర్త. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషిగా, అంటే ఇంటర్‌ప్రెటరుగా, పనిచేశాడు. రైళ్ళు లేని కాలంలో, 1830 - 31 సంవత్సరాలలో, పెద్ద పరివారంతో మద్రాసు నుండి కాశీకి వెళ్ళి తిరిగివచ్చాడు. భారతీయ భాషలన్నిటిలోనూ ఇదే మొదటి యాత్రాగ్రంథమని కొందరు వ్రాస్తారు గాని అది సరికాదు. మలయాళంలో పారేమ్మాక్కల్ తోమా కత్తనార్ రచించిన వర్తమాన పుస్తకం అంతకు ముందటి, 18వ శతాబ్దానికి చెందిన రచన.

బాల్యం, ఉద్యోగం

వీరాస్వామయ్య మద్రాసులో పెరిగాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. ఇంగ్లీషు నేర్చుకొని, పిన్న వయసులోనే కంపెనీ ప్రభుత్వ కార్యాలయాలలో చేరి, క్రమంగా సుప్రీంకోర్టు ద్విభాషి స్థానానికి ఎదిగాడు. దొరలకు, ప్రజలకు మధ్య మాటను మోసే ఈ ఉద్యోగం వల్లనే ఆయనకు ఏ విషయాన్నైనా వివరంగా గమనించి నమోదుచేసే అలవాటు అబ్బిందని చెప్పవచ్చు. సంప్రదాయాన్ని నిష్ఠగా పాటించినవాడు. జ్యోతిశ్శాస్త్రంలో ఆసక్తి గలవాడు.

యాత్ర

1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరుకున్నాడు. అంటే యాత్రకు పదిహేను నెలలకు పైగా పట్టింది. దాదాపు నూరుమంది ఆయన వెంట ఉన్నారు. వీరాస్వామయ్య ప్రయాణం పల్లకిలో సాగింది. కనుక కాశీ దారిని నిజంగా అడుగులతో కొలిచినవారు ఆ పల్లకి మోసిన బోయీలే అనాలి.

వెళ్ళేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరాడు. తిరుగు ప్రయాణంలో పాట్నా, గయ, కలకత్తా చూసి, తూర్పుతీరం వెంబడి దిగివచ్చాడు. మజిలీల దూరాలు, మంచినీటి వసతి, దొరికే వస్తువులు, దిగడానికి అనువైన చోట్లు అన్నీ వ్రాశాడు. తన తరువాత వచ్చే యాత్రికుడికి ఉపయోగపడాలన్న ఉద్దేశం ప్రతి పుటలోనూ కనిపిస్తుంది.

నల్లమల దారి

యాత్రలో కష్టమైన ఘట్టాలలో శ్రీశైలం ప్రయాణం ఒకటి. అప్పట్లో అక్కడికి బండి బాట లేదు. ఆత్మకూరు వైపు నుండి వెళ్ళేవారు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల కొండలను ఎక్కి దిగవలసి ఉండేది. భీముని కొలను లోయలోకి దిగి, మరల మెట్ల మీద నిట్టనిలువుగా ఎక్కాలి. శ్రీశైలానికి మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డికి దక్కింది. ఆయన వంశంవారే తరువాత గుంటూరు సీమలోని కొండవీడుకు రాజధానిని మార్చారు. అందువల్ల కృష్ణకు దక్షిణాన ఉన్న మైదానపు పల్లెలకు, ఈ కొండదారికి ఉన్న సంబంధం చాలా పాతది.

ఆ అడవిలో దారి తెలిసినవారు, కాపలా కాసేవారు చెంచులే. శ్రీశైలం అప్పుడు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఏలుబడిలో ఉండేది. యాత్రికుల నుండి పన్ను వసూలు చేస్తూ ఆలయం బాగోగులు పట్టించుకోకపోవడాన్ని వీరాస్వామయ్య నిర్మొహమాటంగా నమోదు చేశాడు. 1839లో కంపెనీ ప్రభుత్వం ఆ నవాబును తొలగించింది. నాగలూటి దారిలో నేటికీ శివరాత్రి, ఉగాది రోజులలో వేలాది భక్తులు కాలినడకన వెళతారు. కర్ణాటక నుండి వచ్చేవారు వీరిలో ఎక్కువ.

గుంటూరు, ఒంగోలు సీమ

యాత్ర చివరి వారాలలో వీరాస్వామయ్య బందరు నుండి ఒంగోలు, నెల్లూరుల మీదుగా మద్రాసుకు ప్రయాణించాడు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. చరిత్ర విద్యార్థులకు ఈ భాగం ముఖ్యమైనది. ఎందుకంటే ఆయన ఈ ప్రాంతం దాటిన కొద్దికాలానికే, 1832 - 33లో, నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అన్నది కూడా దీనినే. గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది వరకు మరణించారని అంచనా. కరువుకు ముందటి తీరసీమను గురించి ఒక తెలుగువాడు స్వయంగా చూసి వ్రాసిన వివరాలు ఇందులో లభిస్తాయి.

గ్రంథం

మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై కోరికపై వీరాస్వామయ్య దినచర్యగా వ్రాసి పంపిన లేఖలే ఈ గ్రంథం. పండితభాష కాక, ఆనాటి మద్రాసు ఉద్యోగులు మాట్లాడే వ్యావహారికంలో, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలిసిన శైలిలో ఉంటుంది. ఈ కారణంగా భాషా పరిశోధకులకు కూడా విలువైనది. వర్ణవ్యవస్థను ఆయన ప్రశ్నించలేదు. కంపెనీ పాలన పట్ల మన్నన కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. వాటిని ఆ కాలపు పరిమితులుగా గ్రహించి చదవాలి.

వీరాస్వామయ్య 1836లో మరణించాడు. అచ్చయిన పుస్తకాన్ని ఆయన చూడలేదు. శ్రీనివాస పిళ్ళై 1838లో దానిని ప్రచురించాడు. 1869లో రెండవ ముద్రణ వచ్చింది. 1941లో బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావు విపులమైన పీఠికతో, వివరణలతో మూడవ ముద్రణ తెచ్చాడు. 1973లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఆంగ్లానువాదాన్ని ప్రచురించింది.