మెకానికల్ చదివి.. బెలూన్లు ఎగరేసి!

ఫోన్‌లో మ్యాప్ తెరిచి హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి తిన్నగా ఓ గీత గీయండి. ఖమ్మానికి కాస్త ఎగువన సాగి, దాదాపు భద్రాచలం అడవుల మీదుగా పోతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్) వాళ్లు హైదరాబాద్‌లో పరిశోధన బెలూన్లు ఎగరేసే ముందు ఇచ్చే ప్రకటనల్లో కనిపించే గీత ఇదే. పరికరాల పెట్టె పారాచూట్‌తో 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో ఎక్కడైనా దిగొచ్చు. మన మిరప చేలల్లో, టేకు చెట్ల మధ్య కూడా దిగొచ్చన్నమాట.

ఈ పనికి మన దేశంలో బాట వేసినాయన హోమీ జహంగీర్ భాభా. అణుశక్తి అనగానే గుర్తొచ్చే పేరు. బెలూన్ల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో పుట్టారు. 1927లో కేంబ్రిడ్జ్ వెళ్లింది మెకానికల్ ఇంజినీరింగ్ కోసం. చదువయ్యాక జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది నాన్న ప్లాన్, బంధువైన దొరాబ్జీ టాటా ప్లాన్ కూడా. కుర్రాడి మనసేమో ఫిజిక్స్ మీద పడింది. ఇంటికి ఉత్తరం రాశాడు. నాన్న కాదనలేదు, ఔననలేదు. ముందు ఇంజినీరింగ్‌లో ఫస్ట్‌క్లాస్ తెచ్చుకుంటే ఆ తర్వాత గణితం చదివిస్తానని షరతు పెట్టారు. 1930లో ఫస్ట్‌క్లాస్ వచ్చింది. 1932లో గణితమూ పూర్తయింది. 1935లో పీహెచ్‌డీ.

మన ఇళ్లలో అందరికీ టాటాలు బంధువులుండరు, రెండో డిగ్రీకి డబ్బులూ ఉండవు. అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఇష్టంలేని కోర్సుని అలిగి సగంలో వదిలేయకుండా ఫస్ట్‌క్లాస్‌లో ముగించడం మాత్రం ఆయన సొంత కష్టమే. మెకానికల్ చదివి కోడ్ రాసుకుంటున్న నాకు ఆ మూడేళ్లు ఎంత బరువో తెలుసు.

1937లో హైట్లర్ అనే శాస్త్రవేత్తతో కలిసి భాభా ఓ సిద్ధాంతం చెప్పారు. అంతరిక్షం నుంచి వచ్చే శక్తిమంతమైన కణం గాలిని తాకితే ఒకటి రెండై, రెండు నాలుగై, జల్లులా కిందికి కురుస్తుంది. అంటే నేల మీద మనకు దొరికేది ఆ జల్లే. అసలు కణాన్ని చూడాలంటే గాలి పొర దాటి పైకి పోవాలి. రాకెట్లు లేని ఆ రోజుల్లో అందుకు దారి బెలూనే.

1939లో సెలవులకని ఇండియా వచ్చారు. అంతలో యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి లేక బెంగళూరు ఐఐఎస్‌సీలో చేరారు. చూస్తే అదే కలిసొచ్చింది. భూమి అయస్కాంత క్షేత్రం జల్లెడలా పనిచేస్తుంది. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న దక్షిణ భారతంలో బాగా శక్తి ఉన్న కణాలు మాత్రమే లోపలికొస్తాయి. కేంబ్రిడ్జ్‌లో దొరకని సౌకర్యం ఇది. రబ్బరు బెలూన్లతో ప్రయోగాలు మొదలయ్యాయి. 1945లో టీఐఎఫ్‌ఆర్ పెట్టాక పాలిథీన్ బెలూన్ల తయారీ కూడా ఇక్కడే నేర్చుకున్నారు. ఎగరేయడానికి హైదరాబాద్‌ని ఎంచుకున్నారు.

ఇవి టూరిస్టులెక్కే వేడిగాలి బెలూన్లు కావు. లోపల హైడ్రోజన్. వ్యాసం 50 నుంచి 85 మీటర్లు, ఎత్తు 30 నుంచి 42 కిలోమీటర్లు. పొర మాత్రం మైక్రాన్లలో కొలిచేంత పల్చన. అందుకే కింద పనిచేసే జట్టుకే కష్టమంతా. రాత్రివేళ గాలి నిమ్మళించేదాకా కాపు కాయాలి, గోరు గీసుకోకుండా పొర పరచాలి, నిప్పు దగ్గరికి రానివ్వకూడదు. పైకి పంపాక పెట్టె ఎటు దిగుతుందో చూసుకుంటూ వెళ్లి తెచ్చుకోవాలి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ప్లాస్టిక్స్.. అన్ని చదువులకీ అక్కడ పని ఉంది.

1966 జనవరి 24న మాంట్ బ్లాంక్ పర్వతం మీద ఎయిరిండియా విమానం కూలి భాభా చనిపోయారు. వయసు 56. ఈసీఐఎల్ దగ్గరి శాశ్వత బెలూన్ కేంద్రం 1969లో వచ్చింది, ఆయన చూడలేదు.

పొలంలో ఎప్పుడైనా అలాంటి పెట్టె కనిపిస్తే దాని మీద అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి. కదపకుండా ఫోన్ చేయండి. సమాచారమిచ్చిన వాళ్లకి తగిన బహుమతి ఇస్తారు. విప్పి చూసినవాళ్లకి ఇవ్వరు.