చంద్రశేఖర వేంకట రామన్

చంద్రశేఖర వేంకట రామన్ (నవంబరు 7, 1888 – నవంబరు 21, 1970) భారతదేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. కాంతి పరిక్షేపణమునకు సంబంధించి ఆయన కనుగొన్న రామన్ ఫలితానికి 1930లో నోబెల్ బహుమతి లభించింది. శాస్త్రవేత్తగా లోకప్రసిద్ధుడైన రామన్, 1907 నుండి 1917 వరకు పదేళ్ళపాటు ప్రభుత్వ ఆర్థికశాఖలో లెక్కల అధికారిగా పనిచేశాడన్న విషయం చాలామందికి తెలియదు.

బాల్యము, విద్యాభ్యాసము

రామన్ తమిళనాడులోని తిరుచిరాపల్లి సమీపాన తిరువానైక్కావల్ గ్రామంలో పార్వతి అమ్మాళ్, చంద్రశేఖర్ రామనాథన్ అయ్యర్ దంపతులకు జన్మించాడు. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల ఉపన్యాసకునిగా ఉద్యోగం లభించడంతో కుటుంబం అక్కడికి తరలివచ్చింది. అందువలన రామన్ బాల్యం విశాఖ సముద్రతీరాన గడచింది. అక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. ఏ.వి.ఎన్. కళాశాలలో ఎఫ్.ఏ. ముగించి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. పరీక్షలలో ప్రథమ స్థానం పొందాడు. విద్యార్థిగా ఉండగానే 1906లో ఆయన తొలి పరిశోధనా వ్యాసం లండన్ నుండి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది.

ఆర్థికశాఖ పరీక్ష

ఆ రోజులలో భారతీయ విద్యార్థికి విజ్ఞానశాస్త్ర పరిశోధన జీవనోపాధి కాగల పరిస్థితి లేదు. ప్రభుత్వ కళాశాలలలో పెద్ద ఆచార్య పదవులు ఎక్కువగా ఐరోపా వారికే దక్కేవి. ఉన్నత చదువుకు ఇంగ్లండు వెళ్ళవలసిందిగా అధ్యాపకులు సలహా ఇచ్చారు. కాని రామన్‌ను పరీక్షించిన మద్రాసు ప్రభుత్వ వైద్యుడు అక్కడి శీతల వాతావరణాన్ని ఆయన శరీరం తట్టుకోలేదని తేల్చాడు. ఐ.సి.ఎస్. పరీక్షను అప్పట్లో లండన్‌లో మాత్రమే నిర్వహించేవారు కనుక ఆ దారీ మూసుకుపోయింది.

స్వదేశంలోనే ఉండి చేరదగిన ఉన్నతోద్యోగాలలో ఆర్థికశాఖ ముఖ్యమైనది. రామన్ అన్న సుబ్రహ్మణ్య అయ్యర్ కూడా ఆ శాఖలోనే పనిచేశాడు. నేటి ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసుకు ఆనాటి ఆర్థికశాఖ సర్వీసే పూర్వరూపం. దాని ప్రవేశపరీక్షకు భౌతికశాస్త్రం ఒక్కటి చాలదు. చరిత్ర, అర్థశాస్త్రం వంటి తాను చదవని విషయాలను రామన్ స్వయంగా నేర్చుకోవలసి వచ్చింది. 1907 ఫిబ్రవరిలో జరిగిన ఆ పరీక్షలో ఆయన ప్రథమ స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. అదే సంవత్సరం మే నెలలో లోకసుందరి అమ్మాళ్‌తో వివాహం జరిగింది. జూన్‌లో కలకత్తాలో సహాయ అకౌంటెంట్ జనరల్‌గా బాధ్యతలు స్వీకరించాడు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిదేళ్ళు.

ఉద్యోగము, పరిశోధన

నేడు ఈ సర్వీసుకు ఎంపికైనవారికి సిమ్లాలోని జాతీయ అకాడమీలో శిక్షణ ఇస్తారు. ఆ అకాడమీ 1950లో ఏర్పడింది. రామన్ కాలంలో అటువంటి సంస్థ లేదు. ప్రభుత్వ రాబడి, ఖర్చుల పద్దులు సరిచూచే పనిని కార్యాలయంలో చేస్తూనే నేర్చుకోవాలి.

కలకత్తా బౌబజారు వీధిలో, మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ రామన్ దృష్టిని ఆకర్షించింది. అక్కడి ప్రయోగశాలను వాడుకునే అనుమతి పొంది, ఉదయం కార్యాలయానికి ముందు, సాయంత్రం పని ముగిసిన తరువాత పరిశోధనలు సాగించాడు. అక్కడి సహాయకుడు అశుతోష్ డే ఆయనకు తోడ్పడ్డాడు.

1909లో రామన్‌ను కరెన్సీ అధికారిగా రంగూన్‌కు బదిలీ చేశారు. కాగితపు నోట్ల జారీ రిజర్వు బ్యాంకు చేతికి రాక పూర్వం ప్రభుత్వ కరెన్సీ కార్యాలయాలే ఆ పని చూచేవి. 1910లో తండ్రి మరణించాడు. ఆపై నాగపూర్‌లో కొంతకాలం పనిచేసి 1911లో తిరిగి కలకత్తా చేరాడు. ఉద్యోగంలో ఉండగానే 1912లో కర్జన్ పరిశోధనా బహుమతి, 1913లో వుడ్‌బర్న్ పరిశోధనా పతకం పొందాడు.

ఉద్యోగ విరమణ

కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు అశుతోష్ ముఖర్జీ, తారకనాథ్ పాలిత్ విరాళంతో ఏర్పడిన భౌతికశాస్త్ర ఆచార్య పదవిని రామన్‌కు ఇవ్వజూపాడు. అందులో జీతం ఆర్థికశాఖ జీతంకంటే బాగా తక్కువ. పైగా ఆ పదవికి విదేశీ శిక్షణ ఉండాలన్న నియమానికి రామన్ అంగీకరించలేదు. విశ్వవిద్యాలయం ఆ నియమాన్ని సడలించింది. 1917లో రామన్ ప్రభుత్వోద్యోగాన్ని వదలి ఆచార్యునిగా చేరాడు. హోదా, ఆదాయం, పదోన్నతి అవకాశం ఉన్న స్థిరమైన కొలువును భౌతికశాస్త్రం కోసం విడిచిపెట్టడం ఆయన జీవితంలో కీలకమైన మలుపు.

తరువాతి జీవితము

1921లో సముద్రయానం చేస్తూ నీటి నీలిరంగును గూర్చి చేసిన ఆలోచన ఆయనను కాంతి పరిక్షేపణ పరిశోధనకు మళ్ళించింది. 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్.కృష్ణన్ సహకారంతో రామన్ ఫలితాన్ని నిర్ధారించాడు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం కలకత్తాలో ఆయన వద్ద పరిశోధన చేసినవాడే. రామన్ 1933లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడయ్యాడు. 1948లో తన పేరిట పరిశోధనా సంస్థను నెలకొల్పాడు. 1954లో భారతరత్న పురస్కారం లభించింది. 1970 నవంబరు 21న బెంగుళూరులో మరణించాడు. 1987 నుండి ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నారు.