కీర్తిశేషులు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారు

ఆంధ్రదేశమున గ్రంథాలయములను, విజ్ఞానగ్రంథములను దలంచునపుడెల్ల శ్రీ కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారి నామము ముందుగా స్ఫురించును. వారు పరిశోధకులనియు, చరిత్రకారులనియు నెల్లవా రెఱుగుదురు. వేఱువేఱు వృత్తులవారిని, అంతస్తులవారిని ఒక్కపనికి గూర్చి, యా పనియందే కార్యకర్తలను దిద్దితీర్చిన విధమంతగా బ్రచారమునకు రాలేదు. దానినే మేమిచట ముఖ్యముగా విన్నవింపదలంచితిమి.

వీరు 1877 వ సంవత్సరము మే నెల 18 వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జనించిరి. శైశవముననే తండ్రి గతించెను. భువనగిరిలో బాల్యవిద్య ముగిసినపిదప, అక్కగారగు భండారు అచ్చమాంబగారి యింట నాగపురమున నుండి పట్టపరీక్షలో నుత్తీర్ణులైరి, అనంతరము ఎం.ఏ. పరీక్షయందును గృతార్థులైరి. ఆమె బడికి బోయి చదివినది కాదు. తమ్ముడు చదువుచుండగా జెంతజేరి చదువు నేర్చినది. అట్టి యామె అబలాసచ్చరిత్రరత్నమాలను రచించి, 1902 లో బందరున బృందావన స్త్రీసమాజమును స్థాపించి, 1905 లో ముప్పదియేండ్లకే కాలధర్మము నొందెను. లక్ష్మణరావుగారి సాహచర్యమువలన వెలువడిన నాయకులలో మొదట లెక్కింపవలసినది ఈ సోదరినే యని మా యభిప్రాయము.

నాగపురవాసమువలన వారికి మహారాష్ట్రభాష స్వభాషవలె వశమైనది. మహారాష్ట్రులు సంఘములు నెలకొల్పి చరిత్రపరిశోధనము సాగించుట కన్నులార జూచినవారికి మన తెలుగునాటి కొఱత మనస్సున నాటియుండుట సహజమే.

ఆ దినములలో మునగాల పరగణా కృష్ణామండలమునకు జేరినదయ్యును నాలుగువైపుల నిజాము రాజ్యముచే బరివేష్టితమై యుండెను. దాని ప్రభువు రాజా నాయని వేంకటరంగారావుగారు లక్ష్మణరావుగారిని దివానుగా నియమించిరి. దివానుగిరి యన శిస్తులు, వ్యాజ్యములు, లెక్కలు. సరస్వతికి దావులేని కొలువు. అయినను నీ ప్రభువు తన దివానునకు విద్యావ్యాసంగమునకు వలయు తీఱిక నిచ్చి, యాతడు తలపెట్టిన కార్యములకు ధనము నిచ్చెను. దాతలు తఱచుగా ధనమిత్తురు. తమ యుద్యోగి కాలమును బరహితమునకు విడిచిపెట్టువారు మిక్కిలి యరుదు.

నిజాము రాజ్యమున నధికసంఖ్యాకుల భాష తెలుగే. కాని కచేరీలలో నుర్దూ, పై చదువులలో నుర్దూ. తెలుగువాడు తన భాషయందు దరఖాస్తు వ్రాసికొనలేడు. తన్ను బాధించు నధికారిపై మొఱపెట్టుకొనుటకు సైత మింకొకని కలము నాశ్రయింపవలెను. అజ్ఞానమును వెట్టిచాకిరియు నొకదానికొకటి తోడై పల్లెల బీడించుచుండెను. అట్టిచోట సంఘమును బెట్టినచో సర్కారునకు శంక కలుగును. గ్రంథాలయమును బెట్టినచో నంతగా గలుగదు. ఈ మర్మము నెఱిగియే కాబోలు, 1901 సెప్టెంబరు 1 వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. రావిచెట్టు రంగారావుగారు దానికై తమ యింట దావొసంగిరి. మునగాల ప్రభువు పోషకులైరి. ఆదిపూడి సోమనాథరావుగారు మున్నగు విద్వాంసులు తోడ్పడిరి. 1910 లో రంగారావుగారు గతించినపిదప వారి భార్య లక్ష్మీనరసమ్మగారు నిలయమునకు సొంత యిల్లు గలుగుటకై ధనమొసంగిరి. మేము సుల్తానుబజారునకు బోయినపుడెల్ల నా నిలయమును జూచి, యా విధవరాలి చేతిచలువను దలంచుచుందుము. ఇటువంటిదే రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయ మను పేర 1904 లో హనుమకొండయందు గలిగినది.

చందాపట్టిక చేతికి రాగానే యిందు మనవా రెందఱని వెదకు నలవాటు మన సభలకు గలదు. ఆ నిలయపు బట్టికలో నట్టి వెదకులాటకు జోటులేదు. కులసభవారి సంచికలో నీమాట వ్రాయుట కొందఱు కొఱతగా నెంచినను నెంతురుగాక.

ఆ నిలయమున బనిచేసినవారిలో మాడపాటి హనుమంతరావుగా రొకరు. పుస్తకములు సమకూర్చుట, చందాలు వసూలుచేయుట, సభలు జరుపుట, లెక్క లొప్పగించుట యను నీ చిన్నపనులే వారికి బాఠశాలలైనవి. 1921 లో హైదరాబాదు సంఘసంస్కారసభయందు దెలుగున నుపన్యసింపబోయిన వక్తను గొందఱు గేలిచేయగా, దానివలన బుట్టిన యాంధ్రజనసంఘమునకు గార్యదర్శియై నిలిచినవారు వీరే. వెట్టికి విరోధముగా జిన్నపొత్తములు ప్రకటించి పల్లెల కందించిరి. 1928 లో హైదరాబాదున దెలుగుబాలికల కున్నతపాఠశాలను స్థాపించిరి. 1951 లో ఆ నగరమునకు బ్రథమ మేయరులైరి.

1906 లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి యేర్పడినది. దీనికిని మునగాల ప్రభువే యండ. చందాదారులకు దక్కువ వెలకు గ్రంథము లిచ్చుట యందలి పద్ధతి. పాఠకులే పెట్టుబడి సమకూర్చినవారని చెప్పదగును. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిచే వ్రాయింపబడిన అబ్రహాము లింకను చరిత్రము 1907 లో మొదటి గ్రంథముగా వెలువడినది. బానిసత్వమును దొలగించిన వాని చరిత్రమును వెట్టి చెల్లుచున్న రాజ్యమున ముందుగా నచ్చువేయించుట యాదృచ్ఛికమని మేము నమ్మజాలము. మఱుసటియేడే సర్వోత్తమరావుగారు స్వరాజ్యపత్రికలోని వ్యాసమునకై కారాగారము పాలైరి. అటుపిమ్మట గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును బట్టుగొమ్మయైరి. మండలి మదరాసునకు జేరినది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910 నుండి వెలువడజొచ్చినది. ఆచంట లక్ష్మీపతిగారివంటి వైద్యులు తమ శాస్త్రమును దెలుగున జెప్ప బూనుకొనిరి. అయ్యదేవర కాళేశ్వరరావుగారు మండలి కార్యమున బాల్గొన్నవారే. 1956 లో ఆంధ్రప్రదేశ శాసనసభకు మొదటి సభాపతియైరి.

తుదకు వారు పూనుకొన్న మహాకార్యము ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. ఇచట మాత్రము భారమంతయు దమ మీదనే వేసికొనిరి. ప్రతివ్యాసమును స్వయముగా దిద్దవలె ననునది వారి పట్టుదల. పండితునకు శోభించు గుణమే కాని, యంతటి కార్యమునకు జాలదు. మూడు సంపుటములు వెలువడునప్పటికి అకారాదిపదములే ముగియలేదు. ఐనను నా కార్యాలయమున వారి చెంత బనిచేసిన యువకుడు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పిమ్మట శాసనపరిశోధనమునను జరిత్రరచనమునను బ్రఖ్యాతిగాంచిరి.

1923 జూలై 12 వ తేదీన మదరాసున, నలువదియాఱేండ్ల ప్రాయమున లక్ష్మణరావుగారు పరమపదించిరి. సర్వస్వమును గాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మరల జేపట్టి ప్రకటింపసాగిరి.