వానల లెక్కల మాస్టారు – సర్ గిల్బర్ట్ వాకర్

సముద్రం అడుగున బురద చూసి వేల ఏళ్ళనాటి వానలు చెబుతారంటే మా హాస్టల్లో చాలామంది నవ్వుతారు. వాళ్ళకి నేను చెప్పేది గిల్బర్ట్ వాకర్ కథ.

ఆయన 1868లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో పుట్టాడు. 1889లో కేంబ్రిడ్జిలో సీనియర్ రాంగ్లర్. బూమరాంగు మోజు ఎంతంటే మిత్రులు ఆ పేరుతోనే పిలిచేవారు. వాతావరణశాస్త్రంలో మాత్రం ఓనమాలు తెలియవు. అటువంటి మనిషిని 1904లో భారత వాతావరణ శాఖకి అధిపతిని చేశారు!

కారణం కరువు. 1876-78లో మన సీమ పెద్దలు ధాత కరువనేది లక్షల ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే వానల గురించి ముందుగా చెప్పమని సర్కారు శాఖను కోరింది. 1899లో ఆ అంచనా ఘోరంగా తప్పింది, మళ్ళీ కరువొచ్చింది. ఇక లెక్కలొచ్చినవాడే దిక్కనుకున్నారు.

వాకర్ నానాదేశాల నుంచి గాలి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతాల అంకెలు తెప్పించి, భారతీయ గుమాస్తాల చేత కూర్చోబెట్టి లెక్కలు కట్టించాడు. పసిఫిక్ మీద పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని కనిపెట్టి, దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. 1913లో మద్రాసులో రామానుజన్ లెక్కలు చూసి యూనివర్సిటీకి సిఫారసు చేసిందీ ఈయనే.

1924లో ఉద్యోగం విరమించి లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. 1958లో కన్నుమూశాడు. వానని ముందే చెప్పాలన్న కోరిక మాత్రం తీరలేదు. ఆయన సూత్రాల్లో కొన్ని కాలం మారేసరికి పట్టు తప్పాయి. 1969లో బ్యెర్క్‌నెస్ ఆ డోలనాన్ని ఎల్‌నినోతో ముడివేసి, పసిఫిక్ గాలి చక్రానికి వాకర్ పేరు పెట్టాడు. చూసుకోడానికి ఆయన లేడు.

నాకు తోచేదేమంటే, ఆయన చేతిలోని రికార్డు మరీ పొట్టిది. శాఖ పుట్టిందే 1875లో. ఆ రికార్డుని వెనక్కి పొడిగించేది కడలి బురదే. గోదావరి బంగాళాఖాతంలో పోసే మట్టిలో ఆకుల మీది మైనం కూడా ఉంటుంది. తడినేల చెట్ల మైనానికీ, ఎండునేల గడ్డి మైనానికీ కార్బన్ ఐసోటోపుల్లో తేడా. గోదావరి ముఖద్వారం ఎదుట తీసిన మట్టిని పొరపొరా చదివి, సుమారు 4000 ఏళ్ళ కిందట ఈ నేల ఎండబారడం మొదలై, 1700 ఏళ్ళ కిందటికి బాగా ముదిరిందని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఏ ఏటి వాన ఎంతో బురద చెప్పలేదు, శతాబ్దాల పోకడ చెబుతుంది. ఏటి లెక్క వాకర్ దారి. ఈ రెండూ కలిస్తేగాని విత్తనం చేతబట్టుకుని మబ్బుకేసి చూసే రైతుకి గట్టిగా ఒక మాట చెప్పలేం. మిత్రులారా, ఆ పని ఇంకా మిగిలే ఉంది.